పీకే ముందు చుట్లు లెక్కపెట్టు

అందరికీ నమస్కారం.

ఒక పాత నోట్సు సాఫ్ట్‌వేర్‌ని ఫోను కోసం నేను మళ్లీ ఎలా రాశానో చెప్పమని నన్ను పిలిచారు. నేను మోటార్లతో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. మా బాబాయికి ఈ పర్లాకిమిడిలోనే మోటారు వైండింగ్ షాపుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరైనా ఎండాకాలంలో కాలిపోయిన పంపుసెట్టు మోటారు పట్టుకుని ఆ షాపు మెట్లెక్కి ఉంటారు. ఆయన వెనక వరుసలో ఉన్నారు. నేను తప్పు చెబితే అక్కణ్నించే అరుస్తారు.

కాలిన మోటారు విప్పగానే ఆయన తీగ పీకెయ్యరు. ముందు రాసుకుంటారు. తీగ కూర్చునే గాడులు, అంటే స్లాట్లు ఎన్ని, తీగ ఏ గేజి, అంటే ఎంత మందం, ఏ స్లాటులోంచి ఏ స్లాటులోకి పోయింది, కనెక్షన్ ఎలా కలిపారు. తర్వాత ఒక పక్క కోసి, కాయిల్లో చుట్లు ఎన్నో లెక్కపెడతారు. అదీ రాసుకున్నాకే పాత రాగి బయటికి లాగడం, స్లాట్లలో కాగితం వెయ్యడం, కొత్త కాయిల్ దించి వెదురు చీలిక కొట్టడం, వార్నిష్. లెక్క రాయకుండా పీకేస్తే ఆ మోటారు మళ్లీ తిరుగుతుందో లేదో దేవుడికెరుక.

ఆ లెక్కలన్నీ నోటు బుక్కుల్లో ఉండేవి. ముప్పై ఏళ్లవి. పాతపట్నం నుంచి ఒకరు, కాశీనగర్ నుంచి ఒకరు, గుణుపురం నుంచి ఒకరు తెస్తారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పాతపట్నానికీ మనకీ మధ్య గీత గీశారు గానీ పంపుసెట్టు మోటార్లకి ఆ సంగతి తెలీదు. అదే మోడల్ మోటారు నాలుగేళ్ల తర్వాత మళ్లీ వస్తే, దాని లెక్క ఏ పుస్తకంలో ఉందో వెతకడానికే పూట గడిచిపోయేది. అందుకే వికీలో పెడదామనుకున్నాను.

వికీ అంటే ఒకదానికొకటి లింకులున్న పేజీలు, వాడేవాళ్లే వాటిని రాసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ పేరు వింటే మనకి వికీపీడియాయే గుర్తొస్తుంది. అంతకుముందే, 1995లో, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు మొదటి వికీ పెట్టాడు. హవాయి భాషలో ఆ మాటకి ‘త్వరగా’ అని అర్థం. హోనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి తీసుకున్నాడు. 2004లో జెరెమీ రస్టన్ టిడ్లీవికీ తెచ్చాడు. మొత్తం వికీ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే ఒక్క వెబ్ పేజీ, సర్వర్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగొచ్చు. దాన్ని ఆయన మళ్లీ మొదట్నించి రాసి, 2014లో కొత్త వెర్షన్ బయటికి వదిలాడు. నేను తీసుకున్నది ఆ తరహాలోనే ఉన్న మరో చిన్న ఓపెన్‌సోర్స్ పనిముట్టు, అంటే కోడు అందరికీ తెరిచి పెట్టినది. రాసినాయన దాన్ని వదిలేసి చాలా కాలమైంది. లైసెన్సు ప్రకారం మార్చుకోవచ్చు, ఆయన కాపీరైటు వరుస మాత్రం తియ్యకూడదు. తియ్యలేదు.

కంప్యూటర్లో బాగానే ఉంది. ఫోన్లో వేసి బాబాయి చేతిలో పెట్టాను. రెండు నిమిషాలు అటూ ఇటూ నొక్కి, "ఇదేటిరా, రాసినాది మార్చడానికి ఏటీ కనబడదు?" అన్నారు.

కనబడదు మరి. ఆ పాత పనిముట్టులో మార్చడానికి, తీసెయ్యడానికి ఉన్న బటన్లు, మౌస్ బాణం పేజీ మీదికి వెళ్తేనే పైకొచ్చేవి. మౌస్ ఉన్న రోజుల్లో అది అందం. వేలు అలా కాదు, తాకుతుంది లేదా తాకదు, గాల్లో ఉన్న సంగతి తెరకి తెలీదు. కొన్ని ఫోన్లలో మొదటి తాకుడుని ‘మౌస్ పైకొచ్చింది’ అనుకుంటుంది, రెండోసారి తాకితే గానీ నొక్కినట్టు కాదు. పైగా పాత మొబైల్ బ్రౌజర్లలో నొక్కాక 300 మిల్లీసెకన్లు ఆగేది, రెండోసారి కూడా తాకి జూమ్ చేస్తారేమో అని. పేజీ వెడల్పు ఫోను వెడల్పుకి సమానమని ఒక్క వరుస రాస్తే ఇప్పటి బ్రౌజర్లలో ఆ ఆగడం పోతుంది. పాత పనిముట్టులో ఆ వరుస లేదు. ఆయన ఇంకా గట్టిగా నొక్కేవారు, స్విచ్చి పట్టలేదేమో అన్నట్టు.

మొదట అతుకులు వేశాను. బటన్లు పెద్దవి చేశాను. బటను కనీసం ఎంతుండాలంటే ఆపిల్ తన కొలతలో 44 పాయింట్లంటుంది, ఆండ్రాయిడ్ తన కొలతలో 48 అంటుంది, అంటే ఇంచుమించు 7 నుంచి 9 మిల్లీమీటర్లు. ఇది కొత్త సంగతేమీ కాదు. చిన్న గురి మీద వేలు పెట్టడానికి పెద్ద గురి కంటే ఎక్కువసేపు పడుతుందని పాల్ ఫిట్స్ అనే మానసిక శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టాడు. బటన్లు పెరిగేసరికి ఎడమ పక్కనుండే పేజీల చెట్టు, అంటే కొమ్మలు కొమ్మలుగా ఉండే పేజీల పేర్ల జాబితా, తెరలో సగం తినేసింది. దాన్ని దాచాను, ఎడమ అంచు నుంచి వేలు జరిపితే వచ్చేలా చేశాను. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, వేలి జరుపుళ్లతో నడిపే ఫోన్లలో ఆ అంచు ఫోనువాళ్లది, అక్కడ జరిపితే వెనక్కి పోతుంది. మెనూ కోసం జరిపిన ప్రతిసారీ బాబాయి వికీలోంచే బయటపడ్డారు. అతుకు మీద అతుకు. మోటారు భాషలో చెప్పాలంటే, కాలిన కాయిల్‌కి టేపు చుడుతున్నానన్నమాట.

మళ్లీ రాయాలని అప్పుడు తేలింది. మళ్లీ రాయడమంటే నాకు భయమే. నెట్‌స్కేప్ కంపెనీ 1998లో తన బ్రౌజర్ని మొదట్నించి రాద్దామనుకుంది. 5వ వెర్షన్ అసలు రానేలేదు, 6వది 2000 నవంబరులో వచ్చేసరికి మార్కెట్టుని మైక్రోసాఫ్ట్ వాళ్ల బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పట్టుకుపోయింది. మనకి మార్కెట్టు లేదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. కానీ బాబాయి అప్పటికే రెండు వందల మోటార్ల లెక్కలు ఎక్కించేశారు. అందుకని ఒక్క నియమం పెట్టుకున్నాను. రాగి మారుస్తాను, ఇనుము ముట్టుకోను. అంటే ఫైల్లో నోట్సు దాచే తీరు మారదు. పాత ఫైలు కొత్తదాంట్లో తెరుచుకోవాలి, కొత్తదాంట్లో రాసింది పాతదాంట్లో కూడా తెరుచుకోవాలి. కొత్త కోడు ఒక్క వరుస రాయకముందే, నోట్సులో పెట్టే ఏ గుర్తుని పాతది ఎలా చూపిస్తుందో నలభై చిన్న పరీక్షలుగా రాసి పెట్టుకున్నాను. బాబాయి చుట్లు లెక్కపెట్టుకున్నట్టే.

తర్వాత ఎనిమిది నెలల ఆదివారాలు.

చెట్టు తీసేశాను. కొత్తదాంట్లో తెర కింద నాలుగు బటన్లుంటాయి, బొటనవేలు అందే చోట. పైన సన్నటి పట్టీ, మీరు ఏ పేజీల మీదుగా వచ్చారో వరసగా చూపిస్తుంది. ఏ పేరు తాకితే అక్కడికి వెనక్కి. పేజీ అడుగున, దీన్ని తలుచుకున్న, అంటే దీనికి లింకు పెట్టిన మిగతా పేజీల జాబితా. నాకు పట్టీ గొప్పగా అనిపించింది. బాబాయి వాడేది జాబితా. తీగ గేజి పేజీకి వెళ్లి, అడుగున చూసి, ఆ గేజి వాడిన మోటార్లన్నీ పట్టుకుంటారు. నేను అలా వాడొచ్చని అనుకోనేలేదు.

అసలు చిక్కు లింకుల్లో వచ్చింది, అది తెలుగు చిక్కు. కన్నింగ్‌హామ్ వికీలో రెండు ఇంగ్లీషు మాటల్ని పెద్దక్షరాలతో కలిపి రాస్తే చాలు, లింకైపోయేది. మనకి పెద్దక్షరాలెక్కడివి? చదరపు బ్రాకెట్లు పెట్టాల్సిందే, ఫోన్ కీబోర్డులో వాటికోసం రెండు తెరలు దాటాలి. పోనీ అనుకున్నా, మన మాటలు ఉన్నచోట ఉండవు. పేజీ పేరు ‘పాతపట్నం’. వాక్యంలో ‘పాతపట్నంలో’ అని వస్తే తోకని వేరు చెయ్యొచ్చు. ‘పాతపట్నానికి’ అంటేనో? మాట నడుమే మారిపోయింది. ‘మోటారు’ కాస్తా ‘మోటార్లు’ అవుతుంది. నియమాలన్నీ రాద్దామని కూర్చుని మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. చివరికి ఇలా చేశాను: రాసిన మాట మీద వేలు కాసేపు ఉంచితే, మొదటి కొన్ని అక్షరాలు కలిసే పేజీల పేర్లు పెద్ద పెద్ద ముక్కలుగా వస్తాయి. ఒకటి తాకితే లింకు పడుతుంది. మాట మాత్రం మీరు రాసినట్టే ఉంటుంది. వ్యాకరణం మనిషికే వదిలేశాను.

వెతకడంలో కూడా ఇలాంటిదొకటి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తు పడకుండా కంటికి కనిపించని గుర్తొకటి మధ్యలో ఉంటుంది. ఒక కీబోర్డు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. చూడ్డానికి రెండూ ఇంచుమించు ఒకటే, వెతికితే దొరకదు. వెతికే ముందు ఆ గుర్తు తీసేస్తున్నాను. రెండు వరుసల కోడు.

బటన్ల మీద పేర్ల సంగతి చెప్పడానికి ఈ ఊళ్లో కొంచెం సిగ్గుగా ఉంది. మొదట ‘అన్వేషణ’, ‘నిక్షిప్తము చేయుము’ అని పెట్టాను. బాబాయి చదివి, "పంతులుగారి పెళ్లి మంత్రమేటిరా?" అన్నారు. గిడుగు రామమూర్తిగారు మాస్టారుగా పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన ఊరిది. ఆ ఊళ్లో నేను ‘చేయుము’ అని బటన్ పెట్టాను. ఇప్పుడు ‘వెతుకు’ అని ఉంది. రెండోది ‘దాచు’ అని మారిస్తే, దాచేస్తే మళ్లీ ఎలగ కనబడతాది అన్నారు. ‘సేవ్’ అయింది.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. బ్రౌజర్లో తెరిచిన పేజీ తన ఫైలుని తానే మార్చుకోలేదు, భద్రత కోసం అలా కట్టేశారు. అందుకని ఫోన్లో నోట్సు బ్రౌజర్ సొంత గూట్లో దాచాను. ఫోను నిండిపోయిందని ఎవరో కుర్రాడు బ్రౌజర్ డేటా తుడిచేశాడు. పదకొండు రోజుల లెక్కలు పోయాయి. తప్పు కుర్రాడిది కాదు, బయటికి కాపీ తీసే దారి పెట్టని నాది. ఇప్పుడు రోజులో మొదటిసారి తెరవగానే, నిన్నటి ఫైలు డౌన్‌లోడ్ల ఫోల్డర్లోకి కాపీ చేసుకోమని అడుగుతుంది. ఒక్క తాకుడు. బాబాయికి ఆ అడగడం చిరాకు, అయినా తియ్యను.

ఇంకా చెయ్యనివి ఉన్నాయి. ఖాతాదార్ల పేర్లు కొన్ని ఒడియా లిపిలో ఉన్నాయి, అక్షరక్రమంలో పెడితే తెలుగు పేర్లన్నిటికంటే పైకెక్కి కూర్చుంటున్నాయి. ఎలా కలపాలో తేల్చుకోలేదు. ఇంకోటి, షాపులో పని జరుగుతున్నంతసేపూ బాబాయి ఇప్పటికీ నోటు బుక్కులోనే రాస్తారు. చేతులకి వార్నిష్ ఉంటుంది, ఆ వేళ్లని తెర సరిగా పట్టదు. రాత్రి చేతులు కడుక్కున్నాక ఫోన్లోకి ఎక్కిస్తారు. ఒకసారి చుట్ల సంఖ్య ఫోన్లో తప్పు పడింది, నోటు బుక్కు చూసే సరిదిద్దారు. అదెప్పుడో ఆయన్నే అడగండి, చెయ్యెత్తుతున్నారు.