షుగర్ పుండుకు ఆకుమందు వాడొచ్చా? డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో వచ్చే పుళ్లు, తిమ్మిర్లు, వాటికి ఇంట్లో వాడే ఆకులు, మూలికల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. డయాబెటిక్ ఫుట్ సర్జన్ డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. నాకు 12 ఏళ్లుగా షుగర్. రోజూ రాత్రి వేపాకు వేసి కాచిన నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకుంటాను. పుండేమీ లేదు. మంచిదేనాండీ?

డాక్టర్: నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఎలా చూస్తారు?

కాలర్: కాలు పెట్టే చూస్తానండి.

డాక్టర్: భయమంతా అక్కడే. స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు. బొబ్బ లేచాక, అదీ మర్నాడు, కంటికి కనిపిస్తుంది. వేపాకుతో నాకు పేచీ లేదు, నానబెట్టడంతోనే. చర్మం నానితే వేళ్ల సందుల్లో మెత్తబడి చీలుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. వేడిని మోచేత్తో చూడండి, ఇంకా మంచిది ఇంట్లో షుగర్ లేనివాళ్లతో చూపించండి. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి. స్పర్శ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? నైలాన్ పోగుతో చేస్తారు. అది వంగేసరికి దాదాపు 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. ఆ మాత్రం కూడా పాదానికి తెలియలేదంటే జాగ్రత్త పడాలి.

కాలర్: చేయించలేదండి. ఇంకొక్క మాట, ఆ నీళ్లలో ఉప్పు...

యాంకర్: థాంక్యూ అండి, చాలామంది లైన్లో ఉన్నారు. నెక్స్ట్ కాలర్, చెప్పండి.

కాలర్: హలో! వినిపిస్తోందాండీ? ఎప్పటి నుంచో ట్రై చేస్తున్నాను. మా వారి గురించి డాక్టర్ గారూ. ఆయనకు 61. షుగర్ వచ్చి 15... కాదు, 16 ఏళ్లు. మా చిన్నమ్మాయి పెళ్లి పనుల్లో ఉండగా బయటపడింది. మాత్రలు వేసుకుంటారు గానీ ఒంట్లో బాగుంటే మానేస్తారు. మొన్న కొత్త చెప్పులు కొన్నారు. బిగుతుగా ఉన్నాయి, వద్దన్నాను, వాడితే అవే సాగుతాయన్నారు...

డాక్టర్: పుండు ఎక్కడమ్మా?

కాలర్: అక్కడికే వస్తున్నానండి. కుడికాలు చిటికెన వేలి పక్కన చెప్పు కరిచింది. చిన్న బొబ్బే. మా ఆడపడుచు పసుపు, వేపాకు కలిపి నూరి కట్టు కట్టమంది. ఆవిడకు కాలికి దెబ్బ తగిలితే దాంతోనే మానింది. మూడు వారాలుగా రోజూ కడుతున్నాను. పైన గట్టిగా పెచ్చు కట్టింది. నొప్పి అసలు లేదు, చక్కగా నడుస్తున్నారు. ఇప్పుడు అదే పసుపు కంటిన్యూ చేయాలా, కలబంద గుజ్జు కూడా కలపాలా అని...

డాక్టర్: మీ ఆడపడుచు గారికి షుగర్ ఉందా?

కాలర్: లేదండి, ఆవిడకు ఏమీ లేదు.

డాక్టర్: చూశారా. ఆవిడ కాలికి రక్తం బాగా అందుతుంది. నొప్పి పుడితే ఆవిడే కుంటుతూ కాలికి విశ్రాంతి ఇచ్చి ఉంటారు. అందుకే మానింది. పుణ్యం పసుపుకు దక్కింది. మీ వారికి నొప్పి లేదన్నారు. ఆ మాట వింటేనే నాకు భయమేస్తుందమ్మా. చెప్పు కరిచిన చోటు నొప్పి పెట్టాలి. పెట్టలేదంటే నరం పనిచేయడం లేదు. నరం పనిచేయని కాలితో ఆయన మూడు వారాలుగా ఆ పుండు మీదే నడుస్తున్నారు. అడుగు వేసినప్పుడల్లా అది మళ్లీ నలుగుతూనే ఉంది.

కాలర్: అంటే పసుపు మంచిది కాదా డాక్టర్ గారూ? అందరూ యాంటీబయాటిక్ అంటారు కదా.

డాక్టర్: పసుపులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉన్నట్టు ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. కాదనను. కానీ ల్యాబ్ గిన్నెలో జరిగేది వేరు, పాదంలో లోతుగా దిగిన పుండులో జరిగేది వేరు. పైగా ఆ ముద్ద ఎండి పెచ్చు కడుతుంది. పైకి మానినట్టే ఉంటుంది, కింద చీము దారి లేక లోపలికి పాకుతుంది. ఇంకో సంగతి. పసుపు రంగు పట్టిన చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ముందు ఆ పసుపు కడగడానికే సమయం పడుతుంది. కడిగాక గానీ అసలు రంగు బయటపడదు. ఆయన ఇంట్లోనే ఉన్నారా?

కాలర్: ఆ, పక్కనే టీవీ దగ్గర ఉన్నారు.

డాక్టర్: అయితే ఒక పని చేయండి. ఫోన్ పెట్టేయకండి. చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లు ఉంటే వాటితో శుభ్రమైన గుడ్డ తడిపి పుండు చుట్టూ ఉన్న పసుపును మెల్లగా తుడవండి. పెచ్చు మాత్రం పీకొద్దు. తుడిచాక చర్మం ఏ రంగులో ఉందో చూడండి. మీ చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి, ఏది వేడిగా ఉందో చెప్పండి. దగ్గరగా వాసన చూడండి. లైట్ వేసుకుని చూడమ్మా.

యాంకర్: మేడమ్, లైన్లోనే ఉండండి. ఈలోగా ఇంకో కాల్ తీసుకుందాం. హలో.

కాలర్: సార్, ఆకులతో పుండు మానుతుందని ట్రయల్స్‌లోనే తేలిందని చదివాను. మీరేమో వద్దంటున్నారు.

డాక్టర్: మంచి ప్రశ్న బాబూ. మీరు చదివింది బహుశా ఓఎన్101 అనే క్రీమ్ గురించి అయ్యుంటుంది. వామాకు, సరస్వతి ఆకు, ఈ రెండింటి సారాలతో చేశారు. 2021లో దాని మూడో దశ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 236 మంది మీద చేశారు. 16 వారాల్లో ఆ క్రీమ్ వాడినవాళ్లలో 60.7 శాతం మందికి పుండు పూర్తిగా మూసుకుంది. మామూలు డ్రెస్సింగ్ వాడినవాళ్లలో 35.1 శాతం. తేడా పెద్దదే. నేనూ సంతోషించాను.

కాలర్: మరి అదే ఆకు ఇంట్లో నూరి...

డాక్టర్: అక్కడే ఆగాలి. ఆ ట్రయల్‌లో చీము గడ్డ, ఎముక ఇన్ఫెక్షన్, కుళ్లు ఉన్న పుళ్లను తీసుకోలేదు. తీసుకున్న పుండులోనూ ముందు చచ్చిన కండ తీసి శుభ్రం చేశారు. ఆ తర్వాతే క్రీమ్. అందులో కొలత ఉంది, శుభ్రత ఉంది. రోట్లో నూరిన ముద్దలో మట్టీ ఉంటుంది, సూక్ష్మజీవులూ ఉంటాయి. డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో పుండు మాన్పడానికి మూలికల మందులు గానీ, తేనె గానీ వాడొద్దనే చెప్పింది. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం నమ్మదగ్గంత గట్టిగా లేవు, అందుకని. మొక్కల మీద చిన్నచూపుతో కాదు. మేం రోజూ షుగర్‌కు రాసిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలం కూడా గలేగా అనే మొక్కలోని పదార్థమే కదా.

కాలర్: ఓకే సార్, థాంక్యూ.

యాంకర్: థాంక్యూ. ఇందాకటి మేడమ్ ఉన్నారా లైన్లో?

కాలర్: ఉన్నానండి. డాక్టర్ గారూ... తుడిచానండి. పెచ్చు పక్క నుంచి తడి వస్తోంది. ఇన్నాళ్లూ పసుపు కారుతోందనుకున్నాను, ఇది చీములా ఉంది. చుట్టూ ఎర్రగా ఉంది.

డాక్టర్: ఆ ఎరుపు ఎంత దూరం ఉందమ్మా? మీ వేలితో కొలిచి చెప్పండి.

కాలర్: రెండు వేళ్ల మందం... పాదం పైదాకా వచ్చింది. ఆ కాలు వేడిగానే ఉంది. చిటికెన వేలు చివర నల్లగా ఉంది. అది పసుపేమో, ముదిరి నల్లబడిందేమో అని గట్టిగా తుడిచాను. పోవడం లేదండి.

డాక్టర్: ఇక తుడవకండి. వాసన?

కాలర్: ఉందండి. వేపాకు వాసన అనుకున్నాం ఇన్నాళ్లూ.

డాక్టర్: జ్వరం, చలి?

కాలర్: నిన్న రాత్రి చలేస్తోందని రెండు దుప్పట్లు కప్పుకున్నారు. ఎందుకండీ?

డాక్టర్: అమ్మా, టెన్షన్ పడకుండా వినండి. ఇప్పుడే బయల్దేరండి. సర్జన్ ఉండే పెద్ద ఆస్పత్రికి, ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎరుపు పుండు అంచు దాటి 2 సెంటీమీటర్లు పాకినా, ఒంట్లో చలి పుట్టినా, వేలు నల్లబడినా ఇంట్లో చూస్తూ కూర్చునే వేళ కాదు. ఆయనకు ఈ మూడూ ఉన్నాయి.

కాలర్: పొద్దున్నే వెళ్తే సరిపోదాండీ? మా అబ్బాయి పొద్దున వస్తాడు.

డాక్టర్: సరిపోదు. ఈ రాత్రే.

కాలర్: మరి ఆ పసుపు మళ్లీ కట్టి తీసుకెళ్లనా, దుమ్ము పడకుండా?

డాక్టర్: వద్దమ్మా! ఏమీ రాయకండి. పసుపు వద్దు, కలబంద వద్దు, పౌడర్ వద్దు. శుభ్రమైన పొడి గాజుగుడ్డ వదులుగా చుట్టండి, అంతే. ఆయన్ను నడిపించకండి. కుర్చీలో కూర్చోబెట్టి బండిదాకా ఎత్తుకెళ్లినా సరే. వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకోండి. ఏమైనా పొడులు వాడుతున్నారా?

కాలర్: పొడపత్రి, మెంతులు, కాకరకాయ కలిపిన పొడి ఒకటి. మాత్రలు మానేసినప్పుడు అది రెండు పూటలా వేసుకుంటారు. అది మంచిదే కదండీ?

డాక్టర్: ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి. అవి షుగర్‌ను కొంత దించగలవు. అక్కడ ఇన్సులిన్ ఇస్తారు. ఈ పొడి సంగతి వాళ్లకు తెలియకపోతే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి కొన్ని పొడుల్లో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. కిడ్నీలు ఎలా ఉన్నాయో కూడా వాళ్లు చూడాలి. దాచకుండా చెప్పండి, ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

కాలర్: డాక్టర్ గారూ... వేలు తీసేస్తారా?

డాక్టర్: చూడకుండా అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేనమ్మా. రక్తం ఎంత అందుతోందో, ఇన్ఫెక్షన్ ఎముకదాకా పోయిందో లేదో చూస్తారు. రక్తనాళం మూసుకుపోయి ఉంటే తెరిచే పద్ధతులున్నాయి. ఒక్కోసారి వేలు తీసి కాలిని నిలబెడతాం. అలా వేలు పోయినవాళ్లు నా దగ్గరికి నడుచుకుంటూ వస్తున్నారు. ఆలస్యం చేసినవాళ్ల విషయంలోనే నేను ఓడిపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీరు ఆయన మీద ప్రేమతోనే కట్టారు, తప్పు చేశానని ఏడుస్తూ కూర్చోకండి. ఫోన్ పెట్టేసి బయల్దేరండి.

కాలర్: సరేనండి... ఏమండీ, లేవకండి, అక్కడే ఉండండి...

యాంకర్: మేడమ్, మీ నంబర్ మా దగ్గర ఉంది. కార్యక్రమం అయ్యాక మేమే ఫోన్ చేస్తాం. నెక్స్ట్ కాలర్.

కాలర్: నమస్తే సార్. అరికాల్లో ఆనెకాయ ఉంది. జిల్లేడు పాలు పోస్తే రాలిపోతుందంటున్నారు. నాకు షుగర్ ఉంది.

డాక్టర్: పోయొద్దు. ఆ పాలు చర్మాన్ని కాలుస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. షాపుల్లో అమ్మే ఆనెకాయ ప్లాస్టర్లూ వద్దు, వాటిలోనూ యాసిడ్ ఉంటుంది. బ్లేడుతో మీరే కోసుకోవద్దు. ఆనె కట్టిందంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతోందని అర్థం. దాని కిందే పుండు తయారవుతూ ఉండొచ్చు. పాదాల వైద్యం తెలిసినవాళ్లతో చెక్కించుకుని, ఒత్తిడి పడకుండా సరైన చెప్పులు రాయించుకోండి. నొప్పి ఉందా?

కాలర్: లేదండి.

డాక్టర్: మళ్లీ అదే మాట. నొప్పి లేదంటే మంచిదనుకోకండి బాబూ. ఈ వారంలోనే చూపించండి.

యాంకర్: థాంక్యూ. ఒక మెసేజ్ వచ్చింది డాక్టర్ గారూ. పాదాల మంటకు మిరపకాయతో చేసిన మందు ఉందట, నిజమేనా అని.

డాక్టర్: నిజమే. మిరపలోని క్యాప్సైసిన్ 8 శాతం ఉన్న ప్యాచ్‌కు 2020లో అమెరికాలో షుగర్ వల్ల వచ్చే పాదాల నొప్పికి అనుమతి ఇచ్చారు. క్లినిక్‌లో వేస్తారు, చెక్కుచెదరని చర్మం మీదే. ఇంట్లో మిరపకాయ నూరి రాసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

యాంకర్: చివరి కాల్, టైమ్ తక్కువగా ఉంది. క్లుప్తంగా చెప్పండి.

కాలర్: డాక్టర్ గారూ, ఎడమ పాదం వాచిందండి. పది రోజులైంది. పుండు లేదు. కాలు మడతపడి బెణికిందేమో అని మూలికల తైలంతో రోజూ మర్దన చేయిస్తున్నాను. ఎర్రగా, వేడిగా ఉంది. నొప్పి పెద్దగా లేదు, అన్ని పనులకూ తిరుగుతున్నాను.

డాక్టర్: షుగర్ ఎన్నేళ్ల నుంచి?

కాలర్: 18 ఏళ్లండి.

డాక్టర్: ఇప్పుడు నిలబడి మాట్లాడుతున్నారా?

కాలర్: అవునండి.

డాక్టర్: ముందు కూర్చోండి. ఆ కాలు నేలకు మోపకండి. ఇది షార్కో ఫుట్ కావచ్చు. పాదంలో ఎముకలు మెత్తబడి, విరిగి, కీళ్లు జారిపోతూ ఉంటాయి. నొప్పి తెలియక మనిషి నడుస్తూనే ఉంటాడు. మర్దన చేసినా, నడిచినా పాదం ఆకారమే మారిపోతుంది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించొచ్చు, అది చూసి ధైర్యంగా ఉండకండి. వెంటనే మోకాలి కిందదాకా కట్టు వేసి కాలికి విశ్రాంతి ఇవ్వాలి. కొన్ని నెలలు పట్టొచ్చు.

కాలర్: తైలం మానేయాలాండీ? మరి వాపు ఎలా తగ్గుతుంది?

డాక్టర్: బరువు మోపకపోతే తగ్గుతుంది. తైలం, మర్దన రెండూ ఈ క్షణం నుంచి బంద్. రేపే చూపించుకోండి, వీలైతే ఈ రోజే. కూర్చున్నారా?

కాలర్: కూర్చున్నానండి.

యాంకర్: టైమ్ అయిపోయింది డాక్టర్ గారూ...

డాక్టర్: ఒక్క నిమిషం. అన్నా, అక్కడి నుంచి లేచి నడవకండి. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

కాలర్: మా అబ్బాయి ఉన్నాడు. పిలుస్తున్నానండి.

యాంకర్: థాంక్యూ డాక్టర్ గారూ. నమస్కారం.