గడ్డిమోపు కింద ప్రార్థన పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

చలికాలం. రాత్రివేళ. ఇటు జారు చక్రవర్తి రష్యా, అటు జర్మన్ల తూర్పు ప్రష్యా. మధ్యలో సరిహద్దు. మంచులో ఒక మనిషి వంగి వంగి నడుస్తున్నాడు. వీపు మీద గోనె మూట. ఎక్కడైనా కుక్క మొరిగితే ఉన్నచోటే బోర్లా పడుకుంటాడు. దొరికితే జరిమానా, జైలు, కాదంటే సైబీరియా. పరిగెత్తితే తుపాకీ గుండు. ఇంతకీ ఆ మూటలో ఉన్నది సారా కాదు, పొగాకూ కాదు. ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, పిల్లలకు అక్షరాలు నేర్పే వాచకాలు.

వాటిలో జారును తిట్టిన మాట ఒక్కటీ లేకపోయినా అవి దొంగసరుకే. లిథువేనియన్ భాషను లాటిన్ అక్షరాల్లో, అంటే ఇంగ్లీషు రాసే లిపిలో, అచ్చు వేయడమే వాటి నేరం. 1864 నుంచి 1904 దాకా, సరిగ్గా నలభై ఏళ్లు, ఈ నిషేధం నడిచింది.

కాస్త వెనక్కి వెళదాం. పోలండ్, లిథువేనియా కలిసి ఒకప్పుడు ఒకే పెద్ద రాజ్యం. 18వ శతాబ్దం చివర ఇరుగుపొరుగు రాజులు దాన్ని ముక్కలు చేసి పంచుకున్నప్పుడు, లిథువేనియాలో ఎక్కువ భాగం రష్యా వాటాకు వచ్చింది. 1831లో ఒకసారి, 1863లో మరోసారి అక్కడ తిరుగుబాట్లు జరిగాయి. మొదటిదాని తర్వాత విల్నా, అంటే ఇప్పటి విల్నియస్ నగరంలోని విశ్వవిద్యాలయాన్ని మూసేశారు. లిథువేనియా అనే పేరు కూడా సర్కారు కాగితాల్లోంచి పోయి ‘వాయవ్య ప్రాంతం’ అయింది. అప్పటి విద్యామంత్రి ఉవారోవ్ 1833లోనే మూడు మాటల మంత్రం చెప్పి ఉన్నాడు: ఆర్థొడాక్స్ మతం (రష్యన్ల క్రైస్తవ శాఖ), నిరంకుశ ప్రభుత్వం, రష్యన్ జాతీయత. ఈ మూడింట్లో ఇమడనివాళ్లను ఇమిడ్చే పని పోలీసులది, బడిపంతుళ్లది.

రెండో తిరుగుబాటు అణచడానికి వచ్చిన గవర్నర్ జనరల్ మురావ్యోవ్‌కు జనం ‘తలారి’ అని పేరు పెట్టారు. ఎంతమందిని ఉరి తీయించాడో ఆ పేరే చెబుతుంది. అధికారుల లెక్క ఏమిటంటే, లిథువేనియన్ రైతు అమాయకుడు, వాణ్ణి చెడగొడుతున్నది పోలిష్ జమీందారు, క్యాథలిక్ ఫాదరు. వాళ్ల అక్షరాలు వాడికి దూరం చేస్తే చాలు, వాడే రష్యన్ దారికి వస్తాడు. అందుకే భాష మాట్లాడొద్దని అనలేదు. రష్యన్ అక్షరాల్లో రాసుకోమన్నారు, అంతే.

మనలో చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూనే ఉంటాం. ఎవరూ బలవంతం చేయలేదు, మన సౌకర్యం. అదే ఎవరో జవాను ఇంటికొచ్చి, పెద్దబాలశిక్ష లాక్కుని, రేపటి నుంచి ఈ లిపిలోనే చదవాలంటే ఎలా ఉంటుంది? అందులోనూ ఆ రైతుకు అక్షరం అంటే దేవుడితో ముడిపడినది. వాడి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం ప్రార్థన పుస్తకం. అది రష్యన్ లిపిలోకి మారితే రేపు చర్చీ మారుతుంది, ఎల్లుండి మతమూ మారుతుంది అనుకున్నాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు. పక్కనే ఉన్న బెలారుస్, ఉక్రెయిన్ నేలల్లోని యూనియేట్ క్రైస్తవులను, అంటే పూజ ఆర్థొడాక్స్ పద్ధతిలో చేసినా పోప్‌నే పెద్దగా ఒప్పుకునేవాళ్లను, 1839లో టోకున ఆర్థొడాక్స్ చర్చిలో కలిపేశారు మరి.

సర్కారు అచ్చు వేసిన రష్యన్ లిపి పుస్తకాలను జనం ముట్టలేదు. వలాంచ్యుస్ అనే క్యాథలిక్ బిషప్ రహస్యంగా డబ్బు పోగుచేసి, సరిహద్దు అవతలి ప్రష్యాలో అచ్చు పని మొదలుపెట్టించాడు. తిల్సిత్ పట్టణం ఈ వ్యాపారానికి కేంద్రమైంది. కొన్ని పుస్తకాల మొదటి పేజీలో విల్నా ముద్రాలయం పేరూ, నిషేధానికి ముందటి సంవత్సరమూ వేసేవారు. పోలీసు అడిగితే, ‘ఇది పాతదండీ, మా తాతలనాటిది’ అనడానికన్నమాట. బిషప్‌గారి సహకారంతో దొంగ తేదీ! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఆ పుస్తకాలు గడ్డిబండ్లలో, శవపేటికల్లో, బిచ్చగాళ్ల జోలెల్లో లోపలికి వచ్చేవి. మోసేవాణ్ణి ‘క్నిగ్‌నెషిస్’ అనేవారు. పుస్తకాలు మోసేవాడు అని అర్థం.

పుస్తకం చేరింది సరే, చదవడం నేర్పేదెవరు? సర్కారు బడిలో రష్యన్ తప్ప మరోటి లేదు. పెత్రాస్ రిమ్షా అనే శిల్పి 1906లో చేసిన ఒక బొమ్మ ఉంది. తల్లి రాట్నం ముందు కూర్చుని నూలు వడుకుతోంది. పక్కన బిడ్డ, చేతిలో పుస్తకం. పని ఆపే వీలు ఆమెకు లేదు, చదువు ఆపే వీలు బిడ్డకు లేదు. ఆ శిల్పం పేరు ‘కష్టాల బడి’. 1897 జనాభా లెక్కల్లో రష్యా సామ్రాజ్యం మొత్తం మీద అక్షరాస్యులు 21 శాతం. లిథువేనియన్లు ఎక్కువగా ఉన్న కోవ్నో రాష్ట్రంలో 40 శాతం దాటారు. ఈ వంటింటి చదువును పక్కన పెట్టి ఆ అంకెను అర్థం చేసుకోలేం.

అయితే లిథువేనియన్లంతా మొదటినుంచీ భాష కోసం గుండెలు బాదుకున్నారని అనుకోవద్దు. చదువుకున్నవాడు పోలిష్ మాట్లాడటమే అప్పుడు గొప్ప. విన్‌త్సాస్ కుదిర్కా అనే డాక్టరు తన కుర్రతనం గురించి రాసుకున్నాడు: ఊరినుంచి బంధువులు వస్తే వాళ్లతో లిథువేనియన్‌లో మాట్లాడటం తోటి పిల్లలు వింటారేమోనని సిగ్గుపడేవాడట. 1883లో ‘ఔష్రా’ అనే పత్రిక, అదీ ప్రష్యాలో అచ్చయి దొంగతనంగా వచ్చిందే, చేతికి అందినప్పుడు తల దించుకుని ఏడ్చానని చెప్పాడు. ఆ తర్వాత ‘వర్పాస్’ పత్రిక నడిపింది ఆయనే. 1898లో అందులో అచ్చయిన ఆయన పాటే ఇవాళ లిథువేనియా జాతీయగీతం.

ఇది ఒక్క జాతి గొడవ కాదు. అసలు ఉక్రెయినియన్ అనే భాషే లేదు, ఉండబోదు అని 1863లో మంత్రి వలూయెవ్ సర్క్యులర్ పంపాడు. జారు నికొలస్ 1 కాలంలో పన్నెండేళ్ల యూదు పిల్లల్ని పట్టుకెళ్లి సైనిక బడుల్లో వేసేవారు. పెద్దయ్యాక మరో పాతికేళ్లు సైన్యంలో కొలువు. మధ్యలో బాప్తిస్మం కోసం ఒత్తిడి. ఒక్కొక్కటీ ఒక్కో ప్రసంగానికి సరిపడే విషయం.

చివరికి 1904లో, జపాన్‌తో యుద్ధం మొదలై, సామ్రాజ్యంలోని చిన్న జాతులను మంచి చేసుకోవాల్సి వచ్చాక నిషేధం ఎత్తేశారు. అప్పటికే విల్నా గవర్నర్ జనరల్‌తో సహా అధికారులే దీనివల్ల లాభం లేదని పైకి రాస్తున్నారు.

పుస్తకాల మోతగాళ్లలో పేరు మోసినవాడు యుర్గిస్ బెలినిస్. ఎన్నో ఏళ్లు మారువేషాల్లో తిరుగుతూ పుస్తకాలు పంచాడు. 1918 జనవరిలో పోయాడు. లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది ఫిబ్రవరి 16న, అంటే నెల కూడా తిరక్కుండానే. ఆయన పుట్టిన మార్చి 16వ తేదీని ఆ దేశంలో ఇప్పుడు పుస్తకాల మోతగాళ్ల దినంగా జరుపుకుంటారు.

సెలవు. నమస్కారం.