మీ బోరు నీళ్ల సంగతి మ్యాప్‌లో ఉందా?

శ్రోతలందరికీ నమస్కారం.

బోరు వేయించాలనుకున్న రైతు ముందుగా ఎవరిని అడుగుతాడు? కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన్నో, పక్క చేను వాళ్లనో, బోరు బండి ఏజెంటునో. నీళ్లు పడతాయా, ఎన్ని అడుగుల్లో పడతాయి, ఎన్ని ఇంచులు పోస్తుంది, ఇవే ప్రశ్నలు. పడిన నీళ్లు ఎలాంటివి అని అడిగేవాళ్లు తక్కువ, అడిగినా చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. నాకు బాధ ఎక్కడంటే, చాలా ఊళ్లలో ఆ జవాబు ఇప్పటికే ఉంది. ఎవరో వచ్చి, సీసాలో నీళ్లు పట్టుకెళ్లి, ల్యాబ్‌లో పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, ఉప్పదనం ఎంత అని రాసి పెట్టారు. మన పన్నుల డబ్బుతోనే రాశారు. ఆ కాగితం మాత్రం ఆ నీళ్లు తాగే మనిషి దాకా రాలేదు.

ఫ్లోరైడ్ మనకు కొత్త సమస్య కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే పొదిలి, దర్శి వైపు, జనం ఎముకలు వంగిపోతున్నాయని, దానికి బావి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని డాక్టర్లు గుర్తించారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఏం జరిగిందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు, నడుము వంగిపోయిన పిల్లల ఫొటోలు మనమంతా చూశాం. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఫర్వాలేదు, ఆ పైన తాగకూడదు అంటాయి మన దేశ ప్రమాణాలు. కానీ ఈ ఒకటిన్నర, నాలుగు తేడా నాలుకకి తెలియదు. రంగు ఉండదు, వాసన ఉండదు. పైగా కాచితే పోతుందిలే అనుకుంటారు చాలామంది. పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్‌దీ ఇదే కథ. చూసి, రుచి చూసి తెలుసుకోలేనిది కాబట్టే పరీక్ష ఫలితం అందరికీ కనిపించే చోట ఉండాలి అంటున్నాను.

కనిపించే చోటు అస్సలు లేదని కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2023లో దేశమంతా 15 వేలకు పైగా చోట్ల నీళ్లు తీసి పరీక్ష చేస్తే, నూటికి దాదాపు ఇరవై చోట్ల నైట్రేట్, తొమ్మిది చోట్ల ఫ్లోరైడ్ హద్దు దాటాయి. ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ అని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, అందులో భూగర్భ జలాల వివరాలు మ్యాప్ మీదే చూడొచ్చు. జల్ జీవన్ మిషన్ వాళ్లు 2021లో నీటి పరీక్షల కోసమే ఒక పోర్టల్ పెట్టారు. ఇదంతా మంచి పనే. కాకపోతే ఫోన్‌లో తెలుగులో ఊరి పేరు కొట్టి, వేలితో మ్యాప్ జరుపుకుంటూ తన బోరు దాకా రాగలిగినప్పుడే అది రైతుకి పనికొచ్చినట్టు.

మ్యాప్ అనగానే రంగులు పూసేస్తారు, మండలమంతా ఎరుపు, పక్క మండలమంతా పచ్చ. ఇది చాలా ప్రమాదం. పరీక్ష చేసిన బావులు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, మధ్యలో ఖాళీని కంప్యూటర్ అంచనా వేసి నింపుతుంది. మన తెలంగాణ, రాయలసీమల్లో చాలా చోట్ల ఉన్నది గట్టి గ్రానైటు రాయి. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. ఆ రాతిలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి కరుగుతుంది, నీళ్లు రాతిలో ఎంత కాలం నిలిస్తే అంత ఎక్కువ. ఒకే చేలో రెండు బోర్లు రెండు రకాల నీళ్లు ఇవ్వొచ్చు. మ్యాప్‌లో పచ్చగా ఉంది కదా అని ధీమాగా తాగేవాడికి జవాబు ఎవరు చెప్తారు? అందుకే రంగులు పూయకండి, చుక్కలు పెట్టండి. ఒక్కో పరీక్షకి ఒక్కో చుక్క, నొక్కితే ఏ తేదీన తీశారు, బావా బోరా, ఎన్ని అడుగుల లోతు, ఇంత ఉంది అని రావాలి. చుక్క లేని చోట 'ఇక్కడ పరీక్ష జరగలేదు' అని తెల్లగానే వదిలేయాలి. లోతు ఎందుకంటే, ముప్పై అడుగుల చేదబావి ఫలితం చూసి ఆరు వందల అడుగుల బోరు గురించి ఏమీ చెప్పలేం.

ఇక చుక్క పెట్టడానికే అడ్డం వచ్చే చిన్న చిన్న విషయాలు. రిజిస్టర్‌లో 'బడి దగ్గర బోరు' అని ఉంటుంది, ఆ బడి దగ్గర బోర్లు మూడు. ఊరి పేరు ఇంగ్లీషులో ఒక్కో ఏడాది ఒక్కో స్పెల్లింగ్. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేసి ఎక్కిస్తే ఇక చెప్పేదేముంది, నల్లగొండ 17, 79 దగ్గర ఉంటే, ఆ రెండంకెలు అటూ ఇటూ అయిన బోరు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది. డేటా ఎక్కించే అబ్బాయిని తిట్టి లాభం లేదు. తప్పు అంకె పడగానే ఒప్పుకోకుండా ఆపేసేలా సాఫ్ట్‌వేర్ రాస్తే సరిపోతుంది.

ఊరి బోర్లలో హద్దు దాటిందని మ్యాప్‌లో తెలిస్తే స్థలాల రేట్లు పడిపోతాయని, జనం టెన్షన్ పడతారని కొందరంటారు. ఆ భయం నిజమైనదే, కానీ దాచిపెడితే ఆ రేటు పిల్లల పళ్లూ ఎముకలూ కడుతున్నాయి. బంగ్లాదేశ్ చూడండి. అక్కడ భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ అనే విషం ఉందని బయటపడ్డాక దాదాపు యాభై లక్షల చేతిపంపులు పరీక్ష చేసి, బాగున్నదానికి పచ్చ రంగు, బాగాలేనిదానికి ఎర్ర రంగు పంపు మీదే వేశారు. చదువు రానివాళ్లకి కూడా అర్థమైంది, పచ్చ పంపుకి మారినవాళ్లు ఎందరో. రంగు వెలిసిపోవడం, కొత్త పంపులకి పరీక్షలు జరగకపోవడం తర్వాత వచ్చిన ఇబ్బంది. వెలిసిపోని రంగులా ఆన్‌లైన్ మ్యాప్ ఆ పని చేయగలదు, ఎప్పటికప్పుడు కొత్త ఫలితం ఎక్కిస్తే.

మనం చేయగలిగింది కూడా ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకి ఫీల్డ్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పించాలని నిర్ణయం. గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ గులాబీ రంగు పసుపులోకి తిరుగుతుంది, కిట్‌తో వచ్చిన రంగుల చార్ట్ పక్కన పెట్టి చూసుకోవడమే. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గరుందో పంచాయతీలో అడగండి. ఎక్కువ అనిపిస్తే ల్యాబ్‌కి పంపండి. పంపేటప్పుడు సీసా మీద తేదీ, బోరు లోతు, తాగడానికా పొలానికా అన్నది రాయండి, బోరు దగ్గరే నిలబడి ఫోన్‌లో లొకేషన్ తీసి ఆ అంకెలు కూడా రాయండి. ఫలితం వచ్చాక మీ బోరు ఫలితం పోర్టల్‌లో ఎక్కిందో లేదో చూసుకుని, ఎక్కకపోతే మళ్లీ వెళ్లి అడగండి.