పేరు మారిస్తే పరిశోధన కాకుండా పోద్దా? ఖమ్మం ఫారాల్లో అసలు మెలిక!

2,763. ఖమ్మంలో ఆడపిల్లలకి టీకా వేయడానికి అమ్మానాన్న ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకం చేసిన ఫారాలు ఇవి! ఇంకో 1,948 ఫారాల మీద వేలిముద్రలు. పరిశీలించినవి మొత్తం 9,543. లెక్క నాది కాదండోయ్, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉంది.

హెచ్‌పీవీ అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్, దాన్ని ఆపే టీకా కార్యక్రమం మీద ఖమ్మంలో పెద్ద గొడవే అయింది. ఆ కార్యక్రమం 2009 జూలైలో మొదలైంది, 2010 ఏప్రిల్‌లో ఆగింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలు, 10 నుంచి 14 ఏళ్ల వాళ్లు. టీకా వేయించుకున్న వాళ్లలో కొందరు చనిపోయారు. ఇప్పటికీ ఒకటే కేక, టీకా చంపిందా లేదా అని. ఆ చావులకీ టీకాకీ సంబంధం కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది, సరే. మరి ఆ సంతకాల సంగతేంటి?

నా థియరీ వినండి. కొంప ముంచింది ఒక్క మాట: "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్", అంటే చేసి చూపించే కార్యక్రమం. టీకాకి లైసెన్స్ అప్పటికే ఉంది, కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్ (మనుషుల మీద మందు పరీక్ష) కాదు అని ఈ కార్యక్రమం నడిపిన అమెరికా స్వచ్ఛంద సంస్థ పాత్ వాదన. ముమ్మాటికీ ట్రయలే అంది పార్లమెంటు కమిటీ. పేరు మెత్తబడితే చాలు, రూల్స్ కూడా మెత్తబడిపోతాయి!

ఇదే జబ్బు ప్రతి యూనివర్సిటీలో ఉంది. "సర్వేనే కదా సార్", "పీజీ ప్రాజెక్టే కదా". ఏం కదా? బతికున్న మనుషుల్ని అడిగి, లేదా ఫలానా వాళ్లదని పోల్చుకోగల వివరాలు తీసుకుని, దాన్నించి అందరికీ వర్తించే ఫలితం రాబడుతున్నారా? అది పరిశోధనే. ఫైలు ఎథిక్స్ కమిటీకి, అంటే పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే కమిటీకి వెళ్లాల్సిందే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో దారులు మూడు: సమీక్ష నుంచి మినహాయింపు, త్వరిత సమీక్ష, పూర్తి కమిటీ. మినహాయింపు ఎవరిస్తారు? కమిటీ! మీ గైడ్ కాదు, మీరసలే కాదు. పేర్లు లేని బహిరంగ డేటా అయితే మినహాయింపు దొరకొచ్చు. అదే గూగుల్ ఫారంలో "హాల్‌టికెట్ నంబర్" అని ఒక్క గడి పెట్టారనుకోండి, ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

పిల్లలైతే ఇంకా గట్టిగా ఉంటుంది. అమ్మానాన్నల అనుమతి ఎలాగూ కావాలి. దానిపైన 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటితో ఒప్పుకోవాలి, 12 దాటితే రాసివ్వాలి. వేలిముద్ర వేస్తే పక్కన పరిశోధనతో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. ఇక్కడ వార్డెన్ ఎక్కడినుంచి వచ్చాడండీ?

అన్నట్టు, ఇలాంటి ఒప్పుకోలు ఫారాల తెలుగు! "యాదృచ్ఛికీకరణ" అని రాస్తారు. ఎవరు ఏ గుంపులోకో చీటీ తీసినట్టు తేలుస్తాం అంటే సరిపోదూ? భద్రాచలం వైపు ఇంట్లో కోయ మాట్లాడే అమ్మకి ఆ తెలుగు చదివి వినిపించి, "అర్థమైందా?" అని అడిగితే ఏమంటుంది? తలూపుతుంది. దాన్నే అంగీకారం అంటున్నారు.

ఇంకో తప్పు, రోజూ జరిగేది. డేటా సేకరించేసి, జర్నల్ అడిగాక కమిటీ అప్రూవల్ కోసం పరుగు. వెనక తేదీతో అనుమతి ఉండదు! పేపరు తిరిగొస్తుంది, ఏడాది పని బూడిద.

కాబట్టి "సర్వేనే" అని ఎవరైనా మీ చేతికి ఫారం ఇస్తే, కమిటీ లెటర్ చూపించమనండి. దానిమీద తేదీ చూడండి. మొదటి ఫారం నింపిన రోజుకంటే ముందుదేనా?