కుంగుబాటా, బైపోలారా: రక్తకణాలలో ఆనవాళ్లు

వ్యాఖ్యాత: నమస్కారం. అనంతపురంలో మానసిక వైద్యులుగా పనిచేస్తున్న డాక్టరు గారు ఈ రోజు మనతో ఉన్నారు. డాక్టరు గారూ, షుగరుకు ఉన్నట్టే కుంగుబాటుకు కూడా రక్తపరీక్ష ఉందా అని శ్రోతలు అడుగుతున్నారు.

డాక్టరు: లేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు రాస్తాము గానీ, అవి కుంగుబాటులా కనిపించే వేరే జబ్బులేమైనా ఉన్నాయేమో చూడడానికే. అసలు చిక్కు ఏమిటంటే, కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఉన్మాదం, అంటే మితిమీరిన హుషారు, వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారు కూడా తరచుగా దిగులు దశలోనే మా దగ్గరకు వస్తారు, అప్పుడు రెండు జబ్బులూ ఒకే తీరుగా కనబడతాయి. గుర్తించక కుంగుబాటు మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో ఉన్మాదం రేగవచ్చు.

వ్యాఖ్యాత: మెదడుకు సంబంధించిన జబ్బును పరిశోధకులు రక్తకణాలలో ఎందుకు వెతుకుతున్నారు?

డాక్టరు: బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీసి చూడలేము కదా. నాడీకణాలలో సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని లోపలికి తీసుకునే ప్రోటీన్, ప్లేట్‌లెట్లు అనే రక్తకణాలలోనూ ఉంటుంది. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ రాసెనిక్ బృందం వాటిలోనే మరో ప్రోటీన్‌ను పట్టుకుంది. జీఎస్ ఆల్ఫా అనే ఆ ప్రోటీన్ కణపొరలో కొలెస్ట్రాల్ దట్టంగా ఉన్న చోట చిక్కుకుపోతే, అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైముకు ఊతం తగ్గి, కణంలో సందేశాలు మోసే సైక్లిక్ ఏఎంపీ తక్కువగా తయారవుతుంది. కుంగుబాటు ఉన్నవారి ప్లేట్‌లెట్లలో ఈ ఎంజైము పని మందగించిందనీ, చికిత్సతో తేరుకున్నవారిలో మెరుగైందనీ 2022లో ప్రచురించారు.

వ్యాఖ్యాత: అయితే కుంగుబాటు ఏదో, బైపోలార్ ఏదో దీనితో తేలుతుందా?

డాక్టరు: తేలదు. రోగిని ఆరోగ్యవంతునితో పోల్చడం వేరు, ఒకేలా కనిపించే రెండు జబ్బులను విడదీయడం వేరు. పత్రికల శీర్షికలు ఈ తేడాను మింగేస్తాయి. 2023లో వెలువడిన కేంబ్రిడ్జి అధ్యయనం సరిగ్గా ఆ రెండో ప్రశ్ననే తీసుకుంది. అందులో చూసింది కణాలను కాదు, కార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలోని సెరమైడ్ల వంటి కొవ్వు పదార్థాలను. ఆ పరీక్ష ఒక్కటే బైపోలార్ ఉన్నవారిలో 30 శాతం వరకే గుర్తించగలిగింది. రోగి నింపిన ప్రశ్నావళితో కలిపినప్పుడు ఫలితం మెరుగుపడింది.

వ్యాఖ్యాత: మరి ఇంటివారు మీకు ఏమి చెబితే ఉపయోగం?

డాక్టరు: ఉన్మాదానికి గుర్తుగా, అప్పు చేసి బోర్లు వేయించాడని చెబుతారు. మన సీమలో అప్పు లేకుండా బోరు వేయించిన రైతు ఎంతమంది? దాన్ని బట్టి నేనేమీ తేల్చలేను. రాత్రికి రెండు మూడు గంటలే పడుకొని, అయినా అలసట లేకుండా, ఎడతెగని మాటలతో రోజుల తరబడి తిరిగిన సందర్భం ఉందా, రక్తసంబంధీకులలో ఎవరైనా బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు వాడారా అన్నవి చెప్పాలి. ఇవి తెలియకపోతే నేను రాసే మాత్రే తప్పు కావచ్చు.