బరువు పెరిగాక రండి

సభకు నమస్కారం. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు చేసే శస్త్రచికిత్స గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. దానికి ముందు గడిచే నెలల ఊసెత్తకుండా నేను ఆ మాటకు రాలేను.

నేను నర్సుగా చేరిన కొత్తలో, పెదవీ అంగిలీ రెండూ చీలిన మూడు నెలల పాపను ఒక తల్లి మా విభాగానికి తీసుకువచ్చింది. పుట్టినప్పుడు 2.9 కిలోలున్న పాప అప్పటికి 3.4 కిలోలే తూగింది. పెదవి కుట్టడానికి 10 వారాల వయసు, 10 పౌండ్ల (సుమారు నాలుగున్నర కిలోల) బరువు, డెసిలీటరు రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్నది పాత లెక్క. అది పట్టుకొని "బరువు పెరిగాక రండి" అని నేనే చెప్పి పంపించాను. ఎలా పెరగాలో చెప్పలేదు.

నెల తిరిగాక పెరిగింది 150 గ్రాములు. ఆ రోజు మొదటిసారి ఆమె పాలు పట్టడం దగ్గర కూర్చుని చూశాను. ముప్పావు గంట గడిచింది. పాలు ముక్కులోంచి వస్తున్నాయి, పాప నుదురు చెమటతో తడిసింది, చివరికి అలసి నిద్రపోయింది. సీసా ఖాళీ అయింది కనుక బిడ్డ తాగిందనే ఆ తల్లి నమ్మకం. ఆమె భుజం మీది గుడ్డను పిండితే పాలు కారాయి.

పాలు పీల్చాలంటే నోరు మూసుకుపోయి లోపల గాలి వెలితి ఏర్పడాలి. అంగిలి చీలితే ముక్కు దారిన గాలి చొరబడి ఆ పట్టు నిలవదు. పెదవి మాత్రమే చీలిన పిల్లల్లో చాలామంది తల్లి రొమ్ము పట్టుకోగలరు. అంగిలి సంగతి వేరు. దాన్ని సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య కుడతారు కనుక, అందాకా ఆపరేషన్ కోసం ఎదురుచూడమనడం ఆకలితో ఉండమనడమే. చిన్న దవడ, ఊపిరి ఇబ్బంది, గుండె జబ్బు ఉన్నాయేమో విడిగా చూడాలి. అవి లేని బిడ్డ బరువు పెరగకపోవడానికి చాలావరకు కారణం పాలు అందకపోవడమే.

మెత్తని సీసాను బిడ్డ చప్పరింపుకు తగ్గట్టు నొక్కుతూ, తల ఎత్తి కూర్చోబెట్టి, మధ్యమధ్య త్రేన్పు తీయిస్తూ, అరగంటకు మించకుండా పట్టించాం. తొలి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. వారం వారం తూచితేనే అది తెలుస్తుంది. ఆ పాప ఆరు వారాల్లో కిలో పెరిగింది.

శస్త్రవైద్యులారా, మీ చీటీ మీద "బరువు చాలదు" అని రాసే ముందు ఒక్కసారి ఆ బిడ్డ పాలు తాగడం చూడండి. వెనుక బల్ల మీద మెత్తని సీసాలు పెట్టాను. వెళ్లేలోగా ఒకటి చేతిలోకి తీసుకొని నొక్కి చూడండి.