మొదటి మఫ్లరు: ఒకే దారం, 34 కుట్లు

సభకు నమస్కారం.

చేనేత ఎరిగిన మనకు బట్ట అనగానే పడుగు, పేక గుర్తుకు వస్తాయి. ఊలు అల్లికలో ఆ రెండూ లేవు. ఉన్నది ఒకే దారం. అది లూపులుగా వంగి, కింది వరుస లూపులోంచి పై వరుస లూపు బయటికి వస్తూ బట్టగా మారుతుంది. అల్లిన మఫ్లరు లాగితే సాగి, వదిలితే దగ్గరకు రావడానికీ, ఒక్క లూపు జారితే కిందివరకూ నిచ్చెనలా విడిపోవడానికీ కారణం ఇదే. నర్సాపురం లేసు అల్లేవారికి ఈ భయం తక్కువ. వారు కొక్కెంతో అల్లే క్రోషియాలో ఒక కుట్టు పూర్తయ్యాకే మరొకటి మొదలవుతుంది కనుక కొక్కెం మీద సాధారణంగా ఒక్క లూపే మిగులుతుంది. మన సూది మీద మాత్రం వరుస మొత్తం విడి లూపులుగా ప్రాణంతో ఉంటుంది.

మొదటిసారి అల్లేవారు నల్ల ఊలు, బొచ్చు ఊలు కొనవద్దని నా మనవి. కుట్టు కంటికి కనబడాలి. లేతరంగులో మధ్యరకం మందం ఊలు సుమారు 200 గ్రాములు, 5 మి.మీ. సూదుల జత చాలు. దుకాణదారు పాత బ్రిటిష్ నంబర్లు చెబితే 6 నంబరు అడగండి. ఆ లెక్కలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.

ముందుగా సూది మీదికి 20 కుట్లు, అంటే 20 లూపులు, ఎక్కించి, అరచేతి వెడల్పు ముక్క అల్లి, కొలవండి. 10 సెం.మీ.కు 17 కుట్లు వస్తే, 20 సెం.మీ. వెడల్పు మఫ్లరుకు 34 కుట్లు కావాలి. బిగువు ఒక్కొక్కరి చేతిని బట్టి మారుతుంది కాబట్టి నా అంకె మీకు పనికిరాకపోవచ్చు.

అన్ని వరుసలూ నిట్ కుట్టే, అంటే దారం వెనకవైపు ఉంచి అల్లే కుట్టే, వేయండి. స్వెట్టరు మీది నునుపు చూసి ముచ్చటపడి, ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ (దారం ముందువైపు ఉంచి అల్లే కుట్టు) వేస్తే అంచులు లోపలికి ముడుచుకుని మఫ్లరు గొట్టమవుతుంది. అంతా నిట్ అయితే రెండువైపులా ఒకేలాంటి గట్లు ఏర్పడి బట్ట చదునుగా నిలుస్తుంది. గట్టుకు రెండు వరుసల చొప్పున లెక్కించడమూ సులువే.

నా మొదటి మఫ్లరు 34 కుట్లతో మొదలై, మూరెడు అల్లేసరికి 41 అయింది! తప్పంతా వరుస మొదట్లోనే ఉంది. దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు కాళ్లు రెండూ పైకి లేచి, రెండు కుట్లలా కనబడతాయి. తెలియక రెండింటినీ అల్లుతాము. వరుస మొదలుపెట్టే ముందు దారాన్ని కిందికి దించి, సూది మొన కిందుగా వెనక్కి తీసుకువెళితే ఈ పొరపాటు రాదు. మధ్యలో దారం ముందువైపుకు వచ్చి ఉండగా తదుపరి కుట్టు అల్లినా ఒక కుట్టు పెరిగి, అక్కడ రంధ్రం పడుతుంది. అందుచేత మొదటి పది వరుసలూ ప్రతి వరుస చివరా లెక్కించండి. కుట్టు జారితే కంగారుపడి సూదులు లాగకండి. క్రోషియా కొక్కెంతో ఆ నిచ్చెన మెట్లను ఒక్కొక్కటిగా పైకి ఎక్కించవచ్చు.

కొత్త ఉండను వరుస అంచులోనే కలిపి, 15 సెం.మీ. కొస వదలండి, తరువాత మొద్దుసూదితో గట్లలో దాచవచ్చు. పొడవు మనిషి ఎత్తుకు సమానమైతే కుట్లను వదులుగా ముగించండి. అసలైన ఊలును వేడినీటిలో నలిపితే కుంచించుకుపోతుంది కనుక, చల్లటి నీటిలో ముంచి, పిండకుండా తువ్వాలులో అద్ది, పరిచి ఆరబెట్టాలి.

ఇక మీ ముందున్న ఊలు కొస వెతికి, 20 కుట్లు ఎక్కించండి. నేను వరుసగా వచ్చి చూస్తాను.